పదిహేడో ఓటు

బుధవారం మధ్యాహ్నం 3.41కి విజయవాడలోని ఒక కాలేజీ ఫిజిక్స్ విభాగంలో ఫ్యాన్లు ఆగాయి. కంప్యూటర్ తెర నల్లబడింది.

ఆ సమయానికి ఆ తెర మీద పదకొండు దేశాల శాస్త్రవేత్తలు ఉన్నారు. యూరప్‌లో కొండ కింద సొరంగం తవ్వి, కణాలను వేగంగా ఢీకొట్టించే కొత్త యాక్సిలరేటర్ కట్టి, ఇంతవరకు ఎవరూ చూడని ఒక కణాన్ని వెతకాలా వద్దా అన్నది ఆ రోజు తేలాలి. మొత్తం ఇరవై అయిదు సంస్థలు. సంస్థకో ఓటు. పదిహేడు వస్తే ప్రయోగం ఉంటుంది. పేర్లు ఇంగ్లీషు అక్షరక్రమంలో పిలుస్తారు. విజయవాడది ఆఖరి పేరు.

విజయవాడ గ్రూపులో ముగ్గురే. ప్రొఫెసర్ స్టీఫెన్‌కు యాభై తొమ్మిదేళ్లు. సింధూరి, డయానా ఆయన దగ్గర పరిశోధన చేస్తున్నారు. గ్రూపు తీర్మానాన్ని సమావేశంలో చదవడం వరకే స్టీఫెన్ పని. సోమవారం ముగ్గురూ కూర్చున్నారు. ఇద్దరు ఔనన్నారు. ఒకరు ఏమీ అనలేదు. తీర్మానం ఔను అని రాసుకున్నారు.

అంతకుముందు స్టీఫెన్ బోర్డు మీద లెక్క వేశారు. కాగితం చూడలేదు. ఆయనకు అంకెలు గుర్తుంటాయి. ముప్పై ఏళ్ల కిందటి రీడింగులు కూడా చివరి అంకె దాకా చెబుతారు.

"పదేళ్లు మిషను నడిస్తే మనక్కావలసినవి నాలుగు పడతాయమ్మా. అచ్చం అలాగే కనబడే నకిలీవి తొంభై పడతాయి. ఏది ఏదో చెప్పలేం."

"నాలుగున్నాయి కదండీ సార్," అంది సింధూరి. "ఏరతానండి. బియ్యంలో రాళ్లు ఏరట్లేదా?"

"రాళ్లు తొంభై, బియ్యం నాలుగు గింజలు. ఇంక ఎసరెందుకు పెట్టడం?"

డయానా నవ్వింది. సింధూరి నవ్వలేదు.

"మొదటి ఫలితం ఎప్పటికొస్తుంది?" అడిగారు స్టీఫెన్.

"రెండు వేల నలభై అయిదుకండి. అప్పటికి నాకు నలభై ఏడు. మీరు మాత్రం పందొమ్మిదేళ్లు చెయ్యలేదా సార్, ఆ పాత ప్రయోగం?"

"చేశాను."

అందులో ఏమీ దొరకలేదు. ఆ సంగతి ముగ్గురికీ తెలుసు.

సింధూరికి చల్లపల్లిలో లెక్చరర్ ఉద్యోగం వచ్చింది. శుక్రవారంలోగా చేరాలి. చేరమ్మా అని స్టీఫెన్ రెండుసార్లు చెప్పారు. చేరనని ఉత్తరం టైపు చేసి ఆమె బ్యాగులో పెట్టుకుంది. ఓటు అయ్యాక పంపుతుంది.

బుధవారం పొద్దున విభాగం ఎలక్ట్రీషియన్ రత్తయ్య స్విచ్ రూములో పుస్తకం రాసుకుంటున్నాడు. థర్మల్ పవర్ స్టేషన్ ఉన్న ఇబ్రహీంపట్నం నుంచి రోజూ బస్సులో వస్తాడు.

"ఇవాళ కరెంటు పోదు కదా రత్తయ్యా?" అడిగింది సింధూరి.

"కరెంటు పుట్టే ఊళ్లో ఉంటానమ్మా, మా ఇంట్లోనే నమ్మకం లేదు. ఇన్వర్టర్ బ్యాటరీలు కూడా నిన్న సర్వీసుకి పోయినయ్."

"ఇప్పుడా పంపేది?"

"గడువు దాటిందన్నారమ్మా సారు. నన్ను మటుకు ఇక్కణ్ణించి కదలొద్దన్నారు."

"ఆ పుస్తకంలో రోజూ ఏం రాస్తావయ్యా?"

"స్విచ్ ఎప్పుడు వేసింది, ఎప్పుడు ఆపింది, ఎందుకు. నేను చేరిన రోజే చెప్పారు సారు. జరిగింది జరిగినట్టు రాయకపోతే అది ఫిజిక్స్ కాదంట. శనివారం శనివారం సంతకం పెడతారు."

"నీకెందుకు ఫిజిక్స్?"

"నాకెందుకమ్మా? మీకే పనికొస్తన్నట్టు లేదు."

మూడు గంటలకు సమావేశం మొదలైంది. మూడున్నరకు ఓట్లు. సింధూరి బోర్డు మీద సుద్దతో గీతలు గీసింది. ఇరవై నాలుగు పేర్లు పూర్తయ్యేసరికి ఔను పదహారు, కాదు ఎనిమిది.

"మనదే సార్! మనదే పదిహేడు!"

స్టీఫెన్ జేబులోంచి ఫోను తీశారు. ఒకసారి చూసి, నొక్కి, మళ్లీ జేబులో పెట్టుకున్నారు. అధ్యక్షురాలు విజయవాడ పేరు పిలిచింది.

తెర నల్లబడింది అప్పుడే.

సింధూరి "రత్తయ్యా!" అని అరుస్తూ మెట్ల దాకా పరిగెత్తింది. డయానా తన ఫోనులో సమావేశం లింకు తెరిచింది. అది పాస్‌వర్డ్ అడిగింది.

"సార్, పాస్‌వర్డ్?"

"డైరీలో ఉందమ్మా. డైరీ ఇంట్లో ఉంది."

"గుర్తు లేదా అండీ?"

"లేదు."

నిబంధన ప్రకారం పది నిమిషాలు ఆగుతారు. ఆలోగా జవాబు రాకపోతే ఆ ఓటు లేనట్టే. 3.51కి సమావేశం ముగిసింది. 3.53కి ఫ్యాన్లు తిరిగాయి.

నాలుగున్నరకు అధ్యక్షురాలి మెయిల్ వచ్చింది. ఔను పదహారు. ప్రయోగం రద్దు. మీ కరెంటు ఇబ్బందికి విచారిస్తున్నాం అని చివర ఒక వాక్యం ఉంది. కరెంటు ఎందుకు పోయిందని పదకొండు దేశాల్లో ఎవరూ అడగలేదు. విజయవాడలోనూ అడగలేదు.

సింధూరి మెట్ల మీద కూర్చుంది.

"రెండు నిమిషాలండి సార్. రెండే రెండు నిమిషాలు."

స్టీఫెన్ పక్కన నిలబడ్డారు. 

"శుక్రవారం దాకా టైముందమ్మా."

ఆమె బ్యాగులోంచి ఉత్తరం తీసి చించింది. శుక్రవారం ఉదయం పది గంటలకు చల్లపల్లిలో చేరింది. ఆ సాయంత్రం డయానా బోర్డు తుడిచింది.

శనివారం స్టీఫెన్ స్విచ్ రూముకి వెళ్లారు.

రత్తయ్య పుస్తకంలో బుధవారం గడిలో "3.41, మెయిన్ ఆపాను, ముందు చెప్పినట్టే సారు మిస్డ్ కాల్ ఇచ్చారు" అని ఉంది, దాని కింద స్టీఫెన్ సంతకం ఉంది.