మెట్ల మలుపులో

లిఫ్టు పాడైందని వాచ్‌మన్ చెప్పగానే కల్పన గుండె జారిపోయింది. బందరులోని ఆ ఆస్పత్రిలో ఊపిరితిత్తుల విభాగం మూడో అంతస్తులో ఉంది. ఇప్పుడు రొప్పుకుంటూ వెళ్తే పైన వరసగా కూర్చున్నవాళ్లంతా తననే చూస్తారు.

మొదటి అంతస్తు దాటేసరికే ఛాతీలో పిల్లికూతలు మొదలయ్యాయి. గోడవైపు తిరిగి, కొంగు చాటున ఇన్‌హేలర్ పీల్చింది.

"కూర్చోమ్మా. నాదీ అదే జబ్బు."

మెట్ల మలుపులో బల్ల మీద ఒకామె కూర్చుని ఉంది. కల్పనంత లావుగానూ ఉంది. పక్కకు జరిగి చోటిచ్చింది. కల్పన కూర్చోగానే బల్ల కిర్రుమంది. మెట్లు దిగుతున్న ఇద్దరు కుర్రాళ్లు ముసిముసిగా నవ్వుకున్నారు. కల్పన తల దించుకుంది.

"నా పేరు ఎల్లమ్మ. బంటుమిల్లిలో చేపలమ్ముతాను. నిన్నూ ఒళ్లు తగ్గమన్నారా?"

కల్పన తలూపింది. ఆయాసంతో మాట రావడం లేదు.

"ఇక్కడి డాక్టరమ్మ నాకు ఫోన్లోనే మందులు చెప్తది. మందు పీలుస్తూనే బరువూ తగ్గించుకో, అప్పుడే ఆయాసం అదుపులోకొస్తది అంది. నిజమేనమ్మా. అన్నం తగ్గించి, పొద్దున్నే నడిచాను. కాస్త తగ్గానో లేదో, హాయిగా నిద్ర పట్టింది."

"మరి?"

"మళ్లీ పెరిగాను. ఆయాసమూ తిరిగొచ్చింది. ఎదురుగా చూడాలని ఇవాళ రమ్మంది." ఎల్లమ్మ గొంతు తగ్గింది. "ఆవిడ సన్నగా, చలాకీగా ఉంటది కాబోలు. ఈ ఒళ్లేసుకుని ఆవిడ ముందు ఎట్టా నిలబడను? నోరు కట్టుకోలేని మనిషి అనుకోదూ? సిగ్గేసి ఇక్కడే కూలబడ్డాను. ఇంటికెళ్లిపోతానమ్మా."

సంచీ తీసుకుని, కమ్మీ పట్టుకుని కిందికి దిగసాగింది. రెండు మెట్లకే ఆయాసపడింది.

వెళ్లిపోతే బాగుండునని ఒక్క క్షణం అనిపించింది కల్పనకు. అలా అనిపించినందుకు సిగ్గుతో చచ్చిపోయింది. గబగబా దిగి ఆమె చెయ్యి పట్టుకుంది.

"ఆగండి ఎల్లమ్మగారూ," అంది బొంగురు గొంతుతో. "నేనూ తగ్గాను, మళ్లీ పెరిగాను. సిగ్గుతో ఎవరికీ చెప్పుకోలేదు. మీకే చెప్తున్నా. రండి, ఇద్దరం మెల్లగా ఎక్కుదాం."

"నువ్వు తోడొస్తే సరేగానీ, ఆ డాక్టరమ్మ తిడితేనో?"

"నేను తిట్టనండీ."