నాలుగో వంటాయన

"వండినవాడివి నువ్వే తినకపోతే పిల్లలెలా తింటారయ్యా?" అంటూ హాస్టలు వార్డెను నిండు కంచం వంటాయన ముందుకు తోశాడు. పొద్దున పెరటి కుళాయి దగ్గర వంటాయన తన వంటనే ఉమ్మేయడం అతను కళ్ళారా చూశాడు.

"తింటాను సార్. కాసేపాగి."

"ఇప్పుడే, నా ఎదురుగా. తింటే పనిలో ఉంటావు. లేదంటే రేపట్నుంచి రానక్కర్లేదు."

వంటాయన వార్డెను బల్ల ముందు కూలబడ్డాడు. తెల్లారకముందు నుంచి రెండొందల మందికి వండి కాళ్ళు పీకుతున్నాయి. తన వంట ఈయనకు మొదటి నుంచీ నచ్చదు. ఈ గదికి పంపిన కంచం రోజూ సగం మిగిలే తిరిగొస్తుంది. జబ్బు సంగతి చెబుదామంటే, జబ్బు మనిషి చేతికి గరిటె ఎవరిస్తారు?

మొదటి ముద్ద ఎలాగో దిగింది. రెండోది రొమ్ము నడుమ ఆగిపోయింది. గుక్కెడు చల్లనీళ్ళు తాగితే అవీ ముద్ద మీదే నిలిచాయి. లేచి నిలబడి, చేతులు రెండూ పైకెత్తి, నడుం వెనక్కి విరిచాడు. కళ్ళ వెంట నీళ్ళు కారాయి.

"ఏమిటీ నాటకం?"

"నాటకం కాదు సార్." ఇక దాచే ఓపిక లేకపోయింది. "తిన్నది కడుపులోకి పోయే గొట్టం ఉంది కదా, దాని కింది మూతి తెరుచుకోదట. అక్కడి కండరం బిగుసుకుపోయిందన్నాడు డాక్టరు. రెండేళ్ళయింది. వంటలో లోపం లేదు సార్."

"ఎవరు వండినా అంతేనా?"

"మా అమ్మ లేచొచ్చి వండినా అంతే."

వార్డెను లేచాడు. వెళ్ళి తలుపు దగ్గరగా వేశాడు. పని ఊడినట్టేనని, వంటాయన నడుముకు కట్టిన తువ్వాలు విప్పి మడతపెట్టసాగాడు.

వార్డెను బల్ల మీది ఫ్లాస్కు తీసి గ్లాసులోకి వంచాడు. ఆవిరి లేచింది.

"చల్లనీళ్ళకు కదలదు. ఇవి తాగు. కొంచెం కొంచెంగా."

తాగాడు. లోపల పిడికిలి విప్పినట్టయి, ముద్ద జారింది. వంటాయన ఊపిరి పీల్చుకున్నాడు.

"వేడినీళ్ళ కిటుకు నాకు డాక్టరు చెప్పాడు. మీకెవరు చెప్పారు సార్?"

వార్డెను కుర్చీలో వాలి, రొమ్ము నడుమ అరచేత్తో రుద్దుకున్నాడు.

"నీకు ముందు ముగ్గురు వంటవాళ్ళని పంపించేశాను," అన్నాడు, "వాళ్ళ వంట నాకు దిగడం లేదని."