బల్ల కింది నుంచి చూసిన దొంగ

“మీసం ఇంకాస్త పెంచండి బాబూ. పొట్టేలు కొమ్ముల్లా ఉండాలి,” అన్నాడు దర్జీ.

పోలీస్ స్టేషన్‌లో దొంగల బొమ్మలు గీసే పెద్దాయన అలాగే పెంచాడు. దర్జీ దుకాణంలో పడ్డ దొంగ నిన్నటికి ఆరడుగులు, ఇవాళ ఏడుకి చేరాడు. రేపటికి వాడి కోసం పైకప్పు విప్పాల్సి వచ్చేలా ఉంది. ఆ బొమ్మను నమ్మి, మూటలు మోసే పొడుగాటి కూలీనొకణ్ణి అప్పుడే లాకప్‌లో వేశారు కూడా.

“దొంగ వచ్చినప్పుడు నువ్వెక్కడున్నావోయ్?”

“గుడ్డలు కత్తిరించే బల్ల కిందండి. ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని.”

“అయితే ఈ బల్ల కింద దూరు. అక్కణ్ణించి చూసి చెబుదువుగాని.”

దర్జీ దూరాడు. సరిగ్గా అప్పుడే ఎస్సై బూట్లు టకటకలాడిస్తూ లోపలికొచ్చాడు. పాపం, టోపీతో కలిపి కొలిచినా ఆయన ఐదడుగుల మనిషి.

“బాబోయ్! వీడే! వీడే దొంగ!” అని కేక పెట్టాడు దర్జీ.

“ఎవడ్రా వాడు?” అన్నాడు ఎస్సై.

“తమరేనండి,” అన్నాడు పెద్దాయన. “ఏడడుగులూ నిండాయి. మీసమొక్కటే పెంచాలి.”

దర్జీ పాకుతూ బయటికొచ్చి నిలబడ్డాడు. ఎస్సై టోపీ అతని భుజం దాకా వచ్చింది. కూలీ ఊచలు పట్టుకుని అతణ్ణే చూస్తున్నాడు.

“ఏం, ఈ కూలీని వదిలెయ్యమంటావా?” అని గుడ్లురిమాడు ఎస్సై.

“వదిలెయ్యండి బాబూ,” దర్జీ గొంతు తగ్గింది. “నేను దొంగ మొహమే చూళ్ళేదు. చూసింది వాడి రెండు కాళ్ళే. అవి నా కాళ్ళకంటే ఎక్కువ వణికాయి.”