రెండో రకం

"ఇది తొలి రకం కాదండీ" అన్నాడు ఫణిశ్రీనివాస్, పిస్టల్‌ని కిటికీ వెలుగులో తిప్పి చూస్తూ.

సత్యారావు ముఖం ముడుచుకున్నాడు. "అలగంటారేటి బాబూ? మా తాత నాటిది. తొలి రకమే."

"పాతదే, కాదనను. కానీ ఈ పిస్టల్ని ఏళ్ల తరబడి చేశారు, మధ్యలో మార్పులు చేసుకుంటూ వచ్చారు. మొదట్లో చేసినవాటికి గొట్టం మూతి దగ్గర విడిగా ఓ ఉంగరం ఉంటుంది. దీనికి లేదు చూడండి."

"ఎక్కడో ఊడి పడిపోనుంటాది."

"అది ఊడితే గొట్టమే నిలబడదండీ" అని ఫణి నవ్వాడు. చోడవరంలో బ్యాంకు మేనేజరు అతను. లైసెన్సు చేతికొచ్చిన దగ్గర్నుంచి ఇలాంటి పిస్టల్ కోసమే తిరుగుతున్నాడు. భార్య రమామణి మాత్రం ఒక్కటే మాట చెప్పింది. తూటాల మ్యాగజైన్ తీసేస్తే పేలనే పేలని రకమైతేనే ఇంట్లోకి రానిస్తాను, లేకపోతే నువ్వూ నీ పిస్టలూ బయటే పడుకోండి అని. వాళ్ల చిన్నారి వాగ్దేవి చేతికి అందని వస్తువు ఆ ఇంట్లో లేదు మరి.

ఆ సంగతీ, తొలి రకమైతే మ్యాగజైన్ తీసినా పేలుతుందన్న సంగతీ ఫణి రాగానే చెప్పాడు కూడా. అమ్మే మనిషి ఎవరైనా కొనేవాడికి కావలసిన మాటే చెబుతాడు. సత్యారావు చోద్యంగా బేరం చెడిపోయే మాటే పట్టుకుని కూర్చున్నాడు.

కోడలు ఝాన్సీ టీ గ్లాసులూ మాడుగుల హల్వా తెచ్చి బల్ల మీద పెట్టింది. పిస్టల్ని తువ్వాల్లో చుట్టి బీరువాలోంచి తెచ్చిందీ ఆమే. మొన్న దసరా నాడు ఆమె భర్త దిలీప్ ఈ పిస్టల్ పేలే పోయాడు. ఇక్కడికొస్తూ బుచ్చయ్యపేట దాటేలోపే ఆ కబురు ఫణి చెవిన పడింది. ఆమె వంక చూడటానికే అతనికి మొహమాటంగా ఉంది.

"మా వోడి సంగతి వినే ఉంటారు" అన్నాడు సత్యారావు. "పూజలో పెట్టడానికి తుడుస్తన్నాడు. మ్యాగజైన్ తీసీసే ఉంది. ఖాళీయే కదాని నొక్కేడు. గొట్టంలో తూటా ఒకటి ఉండిపోయింది. తొలి రకం కాపోతే అలగెలగ పేల్తాది బాబూ? కేసు కూడా అలగే రాసి, దీన్ని తిరిగిచ్చీసేరు."

ఫణి తలూపాడు గానీ మనసంతా చేతిలోని వస్తువు మీదే ఉంది. మ్యాగజైన్ లాగి తువ్వాలు మీద పెట్టాడు. అందులో తూటాలు తళతళలాడుతున్నాయి.

"నిండా ఉంచారేంటండీ?"

"ఇంట్లో ఒట్టిది పెట్టుకుని ఏటి సేసుకుంటాం?"

ఫణి పిస్టల్ పై భాగాన్ని వెనక్కి లాగి, గొట్టంలో ఏమీ లేదని చూసుకుని వదిలాడు. గోడ వైపు పెట్టి మీట నొక్కాడు. లోపల ఏదీ కదల్లేదు. మళ్లీ గట్టిగా నొక్కాడు. బిగుసుకుపోయినట్టుంది.

"చూశారా! తర్వాత చేసిన రకమే!" పండగ వచ్చినంత సంబరంగా అన్నాడు. "మ్యాగజైన్ లోపల ఉంటేనే ఇది పేలేది. అది లేకపోతే గొట్టంలో తూటా ఉన్నా సరే, ఎంత నొక్కినా పేలదు."

బయట చెరకు ట్రాక్టరు ఒకటి ఊగుతూ పోయింది.

"మ్యాగజైన్ లేకుండా పేలదా బాబూ?" అంది ఝాన్సీ.

"పేలదమ్మా. నాది పూచీ" అనేశాక గానీ, తానేం అన్నాడో ఫణికి తెలియలేదు. తెలిశాక పిస్టల్ని మెల్లగా తువ్వాలు మీద పెట్టేశాడు.

ఝాన్సీ మామగారి వైపు తిరిగింది. "మావయ్యా, ఆ వేళ మ్యాగజైన్ పూజ పీట మీదుంది. దానికి కుంకం బొట్టు పెట్టింది నేనే. పూలకని పెరట్లోకి ఎల్లేను. సప్పుడికి పరిగెట్టుకొచ్చేసరికి మ్యాగజైన్ పీట మీదే ఉంది, బొట్టు మాత్రం సెరిగిపోయింది. మీ బొటనేలు ఎర్రగా ఉంది. రగతం అనుకున్నాను."

"రగతమే! ఆడ్ని ఎత్తింది నేను కాదేటి?"

"ఆ పొద్దున్నే కదా, భూమి లేఅవుటుకి ఇవ్వనని ఆయన మీతో గట్టిగా అన్నారు."

"ఒసే! ఇంటికొచ్చిన మనిషి ముందర ఏటా మాటలు?" సత్యారావు కేకకి గుమ్మంలో కోడి అదిరి పారిపోయింది.

ఝాన్సీ తల దించుకుంది. "తప్పయిపోయింది మావయ్యా. ఇయ్యి బీరువాలో పెట్టీనా?"

"పెట్టీ. తాళం ఏసీ" అన్నాడు సత్యారావు, ఊపిరి వదిలి.

ఆమె పిస్టల్నీ మ్యాగజైన్‌నీ కలిపి తువ్వాల్లో చుట్టుకుని లోపలికి వెళ్లింది. ఫణికి భయం వేసింది. ఎలాగో ఇక్కణ్ణుంచి బయటపడితే చాలనిపించింది. జేబులో బండి తాళం కోసం వెతుక్కుంటూ ఎదురుగా చూస్తే, సత్యారావు బొటనవేలిని పంచెకి తుడుచుకుంటున్నాడు.

"ఆడకూతురు కదా, దుఃఖంలో ఏదో అంటాది. మీరేటీ అనుకోకండి" అన్నాడు సత్యారావు.

బీరువా తాళం పడే చప్పుడు కోసం ఇద్దరూ చెవులు రిక్కించారు. అది వినబడలేదు. ముందు "టక్"మని ఏదో లోపలికి దిగిన చప్పుడు, ఆ వెంటనే, ఇందాక ఫణి పిస్టల్ పై భాగాన్ని లాగి వదిలినప్పుడు అయిందే, ఆ చప్పుడు వినిపించాయి.

"మావయ్యా" అని పిలిచింది ఝాన్సీ, ఎప్పటిలాగే నెమ్మదిగా. "ఒక్కసారి ఇలగ లోపలికి రండి."