వేడి తట్టుకునే గమ్ము

“ఇంకొక్క చొక్కా కాలితే హాస్టల్ గేటు దాటనియ్యమన్నరు సేటూ. ఆ ఇస్త్రీ పని పోతే మాకు పస్తే. ఏ గమ్ము గట్టిదో అదియ్యి,” అంటూ సమ్మయ్య తన ఇస్త్రీపెట్టెను తార్నాక హార్డ్‌వేర్ దుకాణం కౌంటర్ మీద పెట్టాడు.

బట్టలు కాలొద్దని పెట్టె అడుగున అతికించుకున్న టెఫ్లాన్ షీటు సగం ఊడి వేలాడుతోంది.

“దేంతోని అంటించినవ్ కాకా?” అన్నాడు దుకాణం యజమాని ముఖేష్.

“చెప్పులకు పెట్టే గమ్ముతోని.”

“చెప్పులు పొయ్యి మీద పెడ్తరా ఎవరన్న? సిలికాన్ గమ్ము గావాలె. ముందుగాల ఇదెంత కాగుతదో చూద్దాం, దానికి తగ్గది ఇస్తా.”

ముఖేష్ షీటు పీకేసి ప్లగ్గు పెట్టాడు. కాసేపాగి సమ్మయ్య, రోజూ చేసినట్టే, పెట్టె అడుగుకు వేలు ఆనించాడు.

“ఇంకా కాగలే. ఈ వేలే నాకు మీటరు. గీ మాత్రం వేడికే నేను పాలిస్టర్ చొక్కాలు చేసేది.”

ముఖేష్ నీళ్లు చిలకరించాడు. చుక్కలు చుయ్యిమని ఎగిరిపోయాయి.

పక్కనే ఉన్న సమ్మయ్య భార్య రాములమ్మ అతని చెయ్యి గుంజింది. వేలి కొస తెల్లగా బొబ్బెక్కుతోంది.

“మంట పుడ్తలేదా?”

“ఏం మంటనే?”

“షుగర్ గోళీలు మింగుమని మొత్తుకుంటే వినకపోతివి,” అంది రాములమ్మ.

అరలోంచి తీసిన గమ్ము ట్యూబు ముఖేష్ చేతిలోనే ఆగింది. “కాకా, ఇది గావాల్నా మరి?”

సమ్మయ్య మెల్లగా ఎడమచేతి వేలు పెట్టి చూశాడు.

దానికీ పెట్టె చల్లగానే ఉంది.