రెండు గంటలకోసారి

“రెండు గంటలకోసారి పక్కకు తిప్పమన్నానా లేదా?”

పెద్ద సిస్టర్ కేకకు మంచం మీది ముసలాయన కూడా ఉలిక్కిపడ్డాడు. ఆయన కొడుకు ఫోను పట్టుకుని గుమ్మంలో నిలబడి నీళ్లు నమిలాడు.

“మర్చిపోయాను సిస్టర్...”

“అన్నం తినడం మర్చిపోయావా? ఫోనుకు ఛార్జింగు పెట్టడం మర్చిపోయావా? వారం కిందట ఎర్రగా ఉన్నచోట ఇవాళ తోలు ఊడింది, చూడు!”

సంచిలోంచి పచ్చ ఫారం తీసి అక్కడే రాసింది. ఇంట్లోవాళ్లు రోగిని పట్టించుకోకపోతే ఆఫీసుకు రాసిచ్చే కాగితం అది. చివరి గడి దగ్గర తలెత్తి, “బాధ్యులు... నీ పేరు చెప్పు,” అంది. అతను చెప్పేదాకా కదల్లేదు.

వెనక నిలబడ్డ నర్సుకు కడుపు నిండినట్టయింది. పదకొండేళ్లుగా ఆస్పత్రి వార్డులో పన్నెండు గంటల డ్యూటీలు చేసి విసిగిపోయిన మనిషి. అక్కడ ఇలా నోరు విప్పితే చేతికి మెమో వచ్చేది. ఇళ్లకు వెళ్లి రోగుల్ని చూసే ఈ సంస్థలో చేరాలా వద్దా తేల్చుకోవడానికి ఒక్కరోజు పెద్ద సిస్టర్ వెంట తిరుగుతోంది. సాయంత్రానికల్లా ఏదో ఒక మాట చెప్పేయాలి.

“ఇందులో చేరితే నా ఇల్లు కూడా చూసుకోవచ్చు కదక్కా?” స్కూటర్ ఎక్కుతూ అడిగింది. “నేనింట్లో కనబడితే మా పాప ‘ఒంట్లో బాలేదా అమ్మా’ అంటోంది.”

“చివరి ఇల్లు కూడా చూసి అప్పుడు చెప్పు,” అంది పెద్ద సిస్టర్.

చివరి ఇంటికి బయట తాళం వేసి ఉంది. పెద్ద సిస్టర్ గుత్తిలో నాలుగిళ్ల తాళంచెవులున్నాయి. అందులో ఒకటి పెట్టి తీసింది. లోపల మనిషిని ఉంచి బయట తాళమేంటని నర్సుకు గుమ్మంలోనే ఒళ్లు మండింది.

ముసలావిడ ఒక్కతే మంచం మీద ఉంది. పక్క తడిసిపోయింది. స్టూలు మీద గ్లాసుడు నీళ్లు ఆవిడ చేతికి జానెడు దూరంలో అలాగే ఉన్నాయి.

“నర్సమ్మా, మా అమ్మాయి ఎప్పుడొస్తుంది?” పెద్ద సిస్టర్ మొహంలోకి కొత్తమనిషిని చూసినట్టు చూస్తూ అడిగింది.

“రాత్రికొస్తుంది,” అంది పెద్ద సిస్టర్, దుప్పటి మారుస్తూ.

ఇద్దరూ కలిసి పక్కకు తిప్పారు. తుంటి మీద నిమ్మకాయంత పుండు! నర్సుకు అరికాలి మంట నెత్తికెక్కింది.

“కూతురుండి కూడా ఇలా వదిలేసిందా?”

“పనికి పోతుంది.”

“పనికి ఎవరు పోరు? కన్నతల్లి కుళ్లిపోతుంటే ఆవిడకంత రాచకార్యాలేంటి?”

పెద్ద సిస్టర్ పుండు కడిగి, కట్టు కట్టి, వంటింట్లోకి వెళ్లి రాత్రి గిన్నెలు తోమడం మొదలుపెట్టింది.

“ఇదేంటక్కా! ఆ మహారాణిగారి ఎంగిలి గిన్నెలు మనం తోమాలా?”

“ఇక్కడ మనకున్నది ముప్పావుగంట. అరవకు.”

పొద్దున ఆ కొడుకును దులిపేసిన మనిషి ఇక్కడ నోరు కుట్టేసుకోవడం నర్సుకు మింగుడుపడలేదు.

“కొడుకైతే కడిగేస్తావు, కూతురైతే జాలా? ఫారం ఇలా ఇవ్వు, నేను రాస్తాను. మీ ఆఫీసువాళ్లు పిలిచి గడ్డి పెడితేగానీ ఆవిడకు బుద్ధి రాదు.”

పెద్ద సిస్టర్ తడిచేతులు తుడుచుకుని పచ్చ ఫారం, పెన్ను ఇచ్చింది. నర్సు కాగితం చిరిగేటట్టు నొక్కి రాసింది. పుండు ఎక్కడ, ఎంత లోతు, తడిపక్క, అందని నీళ్లు, బయటి తాళం. ఏదీ వదల్లేదు. గదిలోంచి ముసలావిడ, “నర్సమ్మా, అమ్మాయి వచ్చిందా?” అని అడుగుతూనే ఉంది.

చివరి గడి మిగిలింది.

“బాధ్యులు... ఆ కూతురి పేరేంటక్కా?”

“నా పేరే రాయి.”