కొంచెం జరుగుతారా?

కంప్యూటర్ కోర్సు కోసం కాకినాడ నుంచి వచ్చిన వీర్రాజు, అమీర్‌పేటలో అమ్జద్ గది చూసి, "కొంచెం జరుగుతారా?" అన్నాడు. అమ్జద్ చాప జరిపాడు.

తర్వాత వీర్రాజు బావమరిది వచ్చాడు. అతని స్నేహితులొచ్చారు. జరిగి జరిగి అమ్జద్ గుమ్మం దాటి మెట్ల మీదికొచ్చాడు.

ఒకరోజు మంచినీళ్ల కోసం తలుపు తడితే, లోపల్నుంచి కొత్త గొంతు అడిగింది: "ఎవరు కావాలండీ?"

చాప చుట్టుకుని అమ్జద్ తిన్నగా పంజాగుట్టలో తెలంగాణ దీక్షా శిబిరానికి వెళ్లాడు.

"ప్రత్యేక రాష్ట్రం ఎందుకు?" అడిగాడు టీవీ విలేకరి.

"కాళ్లు చాపుకొని పండనీకి భాయ్!"

చప్పట్లు మోగాయి. కాళ్లు చాపాడో లేదో, చంకలో దిండుతో వీర్రాజు దిగాడు.

"మావాళ్లు నన్నూ గెంటేశారండీ. మీరు కొంచెం జరిగితే, నేనూ జై తెలంగాణ అంటాను."

అమ్జద్ అలవాటుగా జరిగాడు.